పెళ్లి సూటు, ఆర్డరు చీటీ, మధ్యలో మొహమాటం

విజయనగరం, శ్రీకాకుళం లాంటి ఊళ్లలో మగవాళ్ల బట్టలకి ఒకప్పుడు రెండే దారులు. గుడ్డ తీసుకుని టైలరు దగ్గరికి వెళ్లడం, లేదా రెడీమేడ్ షాపులో సైజు చూసి కొనుక్కోవడం. ఇప్పుడు ఈ రెండింటి మధ్య మూడో రకం వచ్చింది. బోర్డు మీద 'డిజైనర్ మెన్స్ వేర్' అనో, 'గ్రూమ్ స్టూడియో' అనో ఉంటుంది. అద్దం వెనక బొమ్మకి షేర్వాణీ తొడిగి ఉంటుంది. లోపల ఓ గోడకి జోధ్‌పురి కోట్లు, ఇంకో గోడకి కుర్తాలు, మధ్యలో సోఫా, మూలన ట్రయల్ రూమ్. మేడ మీదో, వెనక సందులోనో కుట్టు మిషన్లు. యజమానే డిజైన్ చెబుతాడు, గుడ్డ చూపిస్తాడు, చాలాసార్లు కొలతలు కూడా తనే తీస్తాడు.

ఇలాంటి షాపు గురించి ఊళ్లో వినపడే అభిప్రాయాలు రెండు కొసల్లో ఉంటాయి. ఓ కుటుంబం తమ పెళ్లికి అక్కడ కుట్టించుకుని, తర్వాత చుట్టాలందరినీ అక్కడికే పంపిస్తుంది. ఇంకో కుటుంబం ఆ షాపు పేరెత్తితే చాలు, రిసెప్షన్ రోజు సాయంత్రం ఐదింటికి కోటు చేతికొచ్చిన కథ మొదలుపెడుతుంది. షాపు ఒకటే, కటింగ్ మాస్టర్ ఒకడే, గుడ్డ కూడా ఒకే తానులోది అయ్యుండొచ్చు. మరి ఇంత తేడా ఎక్కడ వస్తోంది?

డిజైన్ బాగోలేదన్న ఫిర్యాదు తక్కువే వినిపిస్తుంది. గొడవలు ఎక్కువగా పుట్టేది నోటిమాటగా అనుకుని ఎక్కడా రాసుకోని వాటి దగ్గర. చిన్న ఊరి షాపులో పరిచయమే పెట్టుబడి. ఫలానా మేస్టారి అబ్బాయి, ఫలానా వీధి వాళ్ల అల్లుడు అని తెలిస్తే షాపువాడు రాత్రి పదింటికైనా షట్టరు ఎత్తుతాడు. ఆ ఆప్యాయత పెద్ద మాల్‌లో డబ్బు పెట్టినా దొరకదు. అదే పరిచయం వల్ల ధర గట్టిగా అడగలేకపోవడం, భుజం పట్టేస్తున్నా చెప్పలేకపోవడం, తేదీ రాయించుకోలేకపోవడం కూడా వస్తాయి. మంచి అనుభవమైనా చేదు అనుభవమైనా, ఈ మొహమాటాన్ని ఆ రోజు షాపులో ఎవరు ఎలా దాటారన్న దాన్ని బట్టే ఉంటుంది.

తొడుక్కునేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు

ఆడవాళ్ల చీరల షాపుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. చీర కొనేటప్పుడు కట్టుకునే మనిషి దాదాపు ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. పెళ్లికొడుకు బట్టల దగ్గర తొడుక్కునే మనిషి చాలాసార్లు ఊళ్లోనే ఉండడు. ఈ రెండు జిల్లాల కుర్రాళ్లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాల్లో ఉంటారు, ఆర్మీలో నేవీలో ఉంటారు, గల్ఫ్‌లో ఉంటారు. సెలవు దొరికేది పెళ్లికి వారం ముందు. అందుకని అమ్మా, అక్కా, బావ కలిసి షాపుకొస్తారు. వీడియో కాల్‌లో రంగులు చూపిస్తారు. కొలతలకి ఆది చొక్కా, ఆది ప్యాంటు ఇస్తారు. కుర్రాడి ఫోన్‌లో ఉన్న ఏదో సినిమా ఫంక్షన్ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, 'ఇలాగే కావాలి' అని.

డబ్బు కట్టేది ఆడపిల్ల వారైతే లెక్క ఇంకాస్త చిక్కుపడుతుంది. అల్లుడికి సూటు పెట్టడం మర్యాద. అల్లుడు ఎంచుకుంటాడు, మావగారు జేబు తడుముకుంటారు. అల్లుడు ముప్పై వేల షేర్వాణీ మీద చెయ్యి వేస్తే, అంత వద్దని ఆయన నోటితో అనలేరు. ఈ సందర్భాన్ని షాపువాడు ఎలా నడిపిస్తాడన్నది అతని మర్యాదకి నిజమైన పరీక్ష. మంచివాడైతే ముందే మావగారిని పక్కకి పిలిచి, "ఏ రేంజ్‌లో చూపించమంటారు బాబూ?" అని అడిగి, ఆ పైవి అసలు ర్యాక్ లోంచి తియ్యడు. తెలివి మీరినవాడైతే మొదటే ఖరీదైనది తొడిగించి అద్దం ముందు నిలబెడతాడు. అప్పుడు సేల్ అవుతుంది. కానీ ఆ ఇంట్లో తర్వాత జరిగే పెళ్లి ఆర్డరు ఇంకో షాపుకి వెళ్తుంది. చిన్న ఊళ్లో వ్యాపారం అదే ఇంటి తర్వాతి పెళ్లిళ్ల మీదే బతుకుతుందన్న సంగతి మొదటి రకం యజమానికి తెలుసు.

ఆది చొక్కాతోనూ ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో వదిలేసి వెళ్లిన చొక్కానే ఆదిగా ఇస్తారు. అది రెండేళ్ల కిందటిది, ఉతికి ఉతికి కుంచించుకుపోయినది, అప్పటి ఒంటికి సరిపోయినది. ఆఫీసులో కూర్చుని కుర్రాడి నడుము ఈలోగా రెండంగుళాలు పెరిగి ఉంటుంది. అనుభవమున్న షాపులు ఆది చొక్కాని సుమారు లెక్కకే వాడుకుంటాయి. ఉన్న ఊళ్లోనే ఎవరైనా టైలరు దగ్గర టేపుతో కొలిపించి పంపమని కుర్రాడికే ఫోన్ చేసి చెబుతాయి. ఆ ఒక్క ఫోన్ కాల్ చేసే షాపుని నమ్మొచ్చు.

టేపు నడుముకి చుట్టాక

కొలతలు తియ్యడం చూడ్డానికి తేలికే. ఛాతీ, నడుము, సీటు, భుజం, చెయ్యి, మెడ, పొడవు. పక్కనున్న కుర్రాడు అంకెలు రాసుకుంటాడు. కానీ టేపు నడుముకి తగలగానే నూటికి తొంభై మంది మగవాళ్లు చేసే పని ఒకటుంది: ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగడం. ఆ క్షణంలో రాసుకున్న అంకెతో కుడితే కోటు బొత్తాం నిలబడ్డప్పుడు పడుతుంది, కూర్చుంటే లాగేస్తుంది. పాత మాస్టర్లు దీనికి ఓ ఉపాయం చేస్తారు. టేపు చుట్టి, బిగించకుండా, "ఏటి బాబూ, మీది ఏ ఊరు? పెళ్లి ఎక్కడ?" అని మాటల్లో పెడతారు. జవాబు చెప్పడానికి మనిషి ఊపిరి వదులుతాడు, పొట్ట ఉన్నచోటికి వస్తుంది. అప్పుడు చూస్తారు అంకె. ఆ తర్వాత రెండడుగులు వెనక్కి వెళ్లి, పక్క నుంచి మనిషి నిలబడే తీరు గమనిస్తారు. బ్యాగ్ మోసీ మోసీ ఒక భుజం కిందికి జారిందా, మెడ ముందుకొచ్చిందా, వీపు వంగిందా అని. టేపుకి దొరకనివి ఇవే.

రెడీమేడ్ సూటు నడివయసు వాళ్లకి ఎందుకు కుదరదో కూడా ఇక్కడే తెలుస్తుంది. తయారీ సూట్లలో ఛాతీకీ నడుముకీ సాధారణంగా ఆరంగుళాల తేడా పెట్టి కత్తిరిస్తారు. అంటే 42 కోటుతో వచ్చే ప్యాంటు నడుము 36. ఇరవై ఐదేళ్ల కుర్రాడికి అది సరిపోవచ్చు. యాభై దాటిన పెళ్లికొడుకు తండ్రికి ఛాతీ 42 అయితే నడుమూ 42 దగ్గరే ఉంటుంది. ఆయనకి నడుముకి సరిపోయే సూటు తీస్తే భుజాలు మోచేతుల వైపు జారతాయి, భుజానికి తీస్తే బొత్తాం పడదు. చేతుల పొడవు, నడుము, ప్యాంటు అడుగు ఆల్టర్ చెయ్యొచ్చు. భుజం ముట్టుకోవడం దాదాపు కోటు విప్పి మళ్లీ కుట్టడంతో సమానం. అందుకే డిజైనర్ షాపుల అసలు విలువ పెళ్లికొడుకు కన్నా అతని తండ్రికి, బాబాయికి, మావయ్యకే ఎక్కువ. వాళ్లనే సోఫాలో కూర్చోబెట్టి వదిలేసి అందరూ కుర్రాడి చుట్టూ తిరగడం చాలా షాపుల్లో కనిపించే లోపం.

ట్రయల్ రూమ్ దగ్గర మొహమాటం పూర్తిగా బయటపడుతుంది. మనిషి కర్టెన్ పక్కకి జరిపి బయటికొస్తాడు. బయట ఏడెనిమిది కళ్లు. అమ్మ "అబ్బ, ఎంత బావున్నాడో" అంటుంది. యజమాని భుజం మీద లేని దుమ్ము దులిపి "సూపర్ ఉందన్నా" అంటాడు. చంక దగ్గర పట్టేస్తోందని మనిషికి తెలుస్తూనే ఉంటుంది. కానీ నోట్లోంచి వచ్చే మాట "బానే ఉందండి". ఇంటికెళ్లాక రాత్రి భోజనాల దగ్గర మొదలవుతుంది అసలు సంగతి. తెల్లారేసరికి అది షాపు మీద ఫిర్యాదుగా మారుతుంది. షాపువాడికి మాత్రం కస్టమర్ బాగుందనే చెప్పాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. అడగాల్సిన రీతిలో ఎవరూ అడగలేదంతే.

"ఎలా ఉంది?" అని అడిగితే "బానే ఉంది" తప్ప ఇంకో జవాబు రాదు. పని చేయించి చూడాలి. పెళ్లిలో ఆ బట్టలతో ఏం చేస్తారో అవన్నీ ట్రయల్‌లోనే చెయ్యాలి. తలంబ్రాలు పోస్తున్నట్టు రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. చంక కిందికి కత్తిరించి ఉంటే కుర్తా మొత్తం చేతులతో పాటు పైకి లేస్తుంది. పీట మీద కూర్చున్నట్టు కింద బాసింపట్టు వెయ్యాలి. ప్యాంటు తొడల దగ్గర బిగిస్తే అక్కడే తెలిసిపోతుంది. పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెడుతున్నట్టు వంగాలి. బంద్‌గలా (మెడ దాకా మూసి ఉండే కోటు) కాలరు పెట్టి మెడకీ కాలరుకీ మధ్య ఒక వేలు పడుతుందో లేదో చూడాలి, పడకపోతే రిసెప్షన్ స్టేజీ మీద మూడు గంటలు నరకమే. కాళ్లకి చెప్పులతో ప్యాంటు పొడవు చూడకూడదు. పెళ్లికి వేసుకునే బూట్లు తెచ్చుకుని వాటి మీదే చూడాలి. ఇవన్నీ కస్టమర్‌తో తనే చేయించే షాపు ఒక్కటి దొరికితే, దాని మీద పెద్దగా ఫిర్యాదులుండవు. షాపు చేయించకపోతే కస్టమరే చెయ్యాలి, ఎనిమిది కళ్లు చూస్తున్నా సరే.

రంగు విషయంలోనూ అంతే. షాపుల్లో తెల్లటి ఎల్ఈడీ లైట్లు. వాటి కింద నెమలిపింఛం రంగులా మెరిసిన గుడ్డ పగటి వెలుగులో నీరసంగా కనిపిస్తుంది. లేత గులాబీ తెల్లబోతుంది. గుడ్డ పట్టుకుని షాపు మెట్ల దాకా వచ్చి ఎండలో చూస్తామంటే ఏ మంచి యజమానీ కాదనడు.

తేదీ ఎందుకు తప్పుతుంది

ఆలస్యమే ఈ షాపుల మీద అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు. దాన్ని నిర్లక్ష్యం అని తేల్చేస్తే అసలు కారణం కనపడదు. మూలం పంచాంగంలో ఉంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మౌఢ్యాలు పోగా మిగిలిన నెలల్లో ముహూర్తాలు గుంపుగా పడతాయి. ఒక మంచి లగ్నానికి ఊళ్లో ఎన్నో పెళ్లిళ్లు. అన్నిటికీ బట్టలు ఆ ముందు రోజుకే కావాలి. షాపులో కటింగ్ మాస్టర్ ఒక్కడు, కుట్టేవాళ్లు ముగ్గురో నలుగురో. వైశాఖంలో వాళ్లకి నిద్ర ఉండదు, ఆషాఢంలో పని ఉండదు. పని లేని నెలల్లో జీతం ఇచ్చి పదిమందిని నిలబెట్టుకునే స్తోమత చిన్న షాపుకి లేదు. విజయనగరంలో దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో కొత్త బట్టల ఆర్డర్లు ఇంకోవైపు వచ్చిపడతాయి. సంక్రాంతికి కుట్టేవాళ్లు సొంత ఊళ్లకి వెళ్లిపోతారు.

రెండో కారణం పని జరిగే వరుస. షేర్వాణీ మీద జర్దోసీ, దారం పని కోటు కుట్టాక చెయ్యరు. గుడ్డ మీద ముక్కల గీతలు గీసి, మగ్గానికి బిగించి, పని పూర్తయ్యాక కత్తిరించి కుడతారు. ఆ మగ్గం పని చాలా షాపులకి సొంతంగా ఉండదు, బయట కారిగర్లకి ఇస్తారు. అంటే ఒక షేర్వాణీ షాపు నుంచి మగ్గానికి, మగ్గం నుంచి కటింగ్ బల్లకి, అక్కణ్ణించి మిషన్‌కి, చివర కాజాలు, బొత్తాల దగ్గరికి వెళ్తుంది. ఎక్కడ ఒక రోజు ఆగినా చివర ఒక రోజు పోతుంది. ఇంకో సంగతి, గీతల ప్రకారం పని అయిపోయాక సైజు పెంచాలంటే దారి ఉండదు, పువ్వు మధ్యలో తెగుతుంది. పెళ్లికి పది రోజుల ముందు వచ్చి "కాస్త లూజ్ చెయ్యండి" అనడం కోటు విషయంలో నడుస్తుంది, మగ్గం పని ఉన్న షేర్వాణీ విషయంలో నడవదు. ఈ తేడాని ఆర్డరు తీసుకునే రోజే చెప్పడం షాపు బాధ్యత. చెప్పరు. చెబితే ఆర్డరు పోతుందేమోనని భయం.

అందుకే నోట్లోంచి వచ్చేది, "గురువారం కల్లా ఇచ్చేస్తాం, నువ్వేటీ టెన్షన్ పెట్టుకోకు తమ్ముడూ" అన్న మాట. ఏ గురువారం అన్నది చీటీ మీద ఉండదు. ఇలాంటి చోట ఒక తేదీ రాయించుకుంటే చాలదు, రెండు రాయించుకోవాలి. మొదటిది కచ్చా ట్రయల్ తేదీ, అంటే టాకాలు వేసి ఒంటి మీద చూసే రోజు. రెండోది చేతికిచ్చే తేదీ. మొదటి తేదీ తప్పిందంటే రెండోది కూడా తప్పుతుందని ముందే అర్థమవుతుంది. ఏం చేసుకోవాలో ఆలోచించుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది. ముహూర్తానికి కనీసం వారం ముందు డెలివరీ పెట్టుకోవడం కస్టమర్ చేతిలో ఉన్న పని. పెళ్లి తేదీనే షాపుకి కాస్త ముందుకి జరిపి చెప్పే కుటుంబాలూ ఉన్నాయి. అలా చెప్పక తప్పని పరిస్థితి రావడం బాధాకరం.

గుడ్డ, ఉక్కపోత, పొందూరు

ఇది సముద్రం పక్క నేల. వైశాఖంలో ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అయినా ఎండాకాలం పెళ్లికి వెల్వెట్ షేర్వాణీలు అమ్ముడవుతూనే ఉంటాయి, ఫోటోలో బాగుంటాయని. పైగుడ్డ సిల్కా, లినెనా అని అందరూ అడుగుతారు. లోపలి లైనింగ్ ఏంటని అడిగేవాళ్లు అరుదు. ఒంటికి తగిలేది ఆ లైనింగే. పాలిస్టర్ లైనింగ్ వేసిన పట్టు కోటు చెమటని బయటికి పోనివ్వదు, గంటలో వీపు తడిసిపోతుంది. నూలు లైనింగ్ అడిగితే వేస్తారు, ఖర్చు కొంచెమే పెరుగుతుంది. కోటు ముందు భాగం నిటారుగా ఉండటానికి లోపల వేసే పొర కూడా అడగాల్సిందే. చవక కోట్లలో జిగురుతో అంటించే ఫ్యూజింగ్ వేస్తారు. దాన్ని నీళ్లలో ఉతికితే జిగురు వదిలి, పైన గుడ్డ బొబ్బల్లా లేస్తుంది. డ్రైక్లీనింగ్ మాత్రమే అని చీటీ వెనక రాసిచ్చే షాపులు ఈ గొడవ తప్పించుకున్నాయి.

ఇక పొందూరు ఊళ్లో నేసే ఖాదీ సంగతి. శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ పెళ్లి బట్టల కోసం ఎక్కడెక్కడి గుడ్డో వెతుక్కోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. కొండపత్తి, ఎర్రపత్తి దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, చేత్తో 100 కౌంటు దాకా (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) సన్నని నూలు వడికి నేసే గుడ్డ అది. ఉక్కపోతకి దానికి మించింది లేదు. కొన్ని డిజైనర్ షాపులు ఇప్పుడు ఆ ఖాదీతో కుర్తాలు, చేతుల్లేని కోట్లు కుడుతున్నాయి. కానీ సన్న ఖాదీకి ఒక స్వభావం ఉంది, ఒంటికి అతుక్కునేలా కుడితే కుట్టు దగ్గర దారాలు జరిగి విచ్చుకుపోతుంది. వదులుగా, సన్న సూదితో కుట్టాలి. సినిమా హీరోలా బిగుతు ఫిట్టింగ్ కావాలనే కుర్రాడికి ఈ మాట చెప్పి, "ఇది ఆ కటింగ్‌కి పనికిరాదు బాబూ" అనగలిగే యజమాని దగ్గరే దాన్ని కుట్టించాలి. పొందూరు పేరు చెప్పి మిల్లు గుడ్డ అంటగట్టే వాళ్లూ లేకపోలేదు. కేంద్రం 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మే గుడ్డకి ఖాదీ మార్క్ ఉండాలి. ఆ ముద్ర చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ధర, బిల్లు, తిరిగి ఇవ్వడం

ధర బేరం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. "మీకని చెప్పి" తగ్గించే మొత్తం ముందే కలిపి ఉంటుందని అందరికీ తెలుసు. తెలియంది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టలకి ఒక్కోటి 2,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. అంటే 2,500 కుర్తా పన్నుతో 2,625 అవుతుంది. 2,600 కుర్తా 3,068 అవుతుంది. ట్యాగ్ మీద వంద తేడా బిల్లులో 443 అవుతోంది. షేర్వాణీ, సూటు లాంటివి ఎలాగూ 18 శాతంలోకే వస్తాయి. పదిహేను వేల షేర్వాణీ మీద పన్నే 2,700. ఆర్డరు రోజు చెప్పిన ధరలో ఇది కలిసి ఉందా, విడిగానా అన్నది ఒక్క మాట అడిగి చీటీ మీద రాయించుకోకపోతే డెలివరీ రోజు మాటామాటా పెరుగుతుంది. చిన్న షాపుల్లో కొన్ని కాంపోజిషన్ పద్ధతిలో, అంటే మొత్తం అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను షాపే కట్టే పద్ధతిలో ఉంటాయి. అలాంటి షాపు కస్టమర్ దగ్గర జీఎస్టీ అని విడిగా వసూలు చేయకూడదు. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామనే షాపూ ఉంటుంది. బిల్లు లేనివాడికి రేపు ఏ ఫిర్యాదుకీ ఆధారం ఉండదని అప్పుడు గుర్తుకు రావాలి.

'అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు' అన్న బోర్డు ఈ షాపుల్లో తప్పనిసరిగా వేలాడుతుంటుంది. ఆ బోర్డుతో అన్నీ అయిపోయినట్టే అనుకుంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వనని నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే కోవలోకి వస్తుంది. అయితే ఇక్కడ న్యాయంగా ఒక గీత గీసుకోవాలి. కుట్టు విడిపోవడం, రంగు కారడం, చెప్పిన గుడ్డకి బదులు వేరేది వెయ్యడం లోపాలు. కొలిచి కుట్టించుకున్నాక ఇంట్లోవాళ్లకి రంగు నచ్చకపోవడం లోపం కాదు. మొదటి రకానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్లు విజయనగరంలోనూ, శ్రీకాకుళంలోనూ ఉన్నాయి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఊళ్లో ఎవరూ అంతదాకా వెళ్లరు, మళ్లీ మొహమాటమే. దానికి బదులు షాపు పేరు ఊరంతా చెడ్డగా చెబుతారు. షాపువాడికి తప్పు దిద్దుకునే అవకాశం రాదు, కస్టమర్ డబ్బూ రాదు.

షాపువాడి వైపు నుంచి కూడా చూడకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. ఆర్డరిచ్చి, పెళ్లి తప్పిపోయిందని రాని వాళ్లుంటారు. పేరు కుట్టించిన కోటు ఇంకెవరికి అమ్మాలి? హల్దీకి స్నేహితులందరికీ ఒకే పసుపు కుర్తాలని ఇరవై ఆర్డరు చేసి, పన్నెండే పట్టుకెళ్లేవాళ్లుంటారు. శనివారం ఫంక్షన్‌లో తొడుక్కుని, సెంటు వాసనతో సోమవారం "సైజు పడలేదు" అని తెచ్చేవాళ్లుంటారు. బంధుత్వం చెప్పి బాకీ పెట్టి, తర్వాత వీధి మార్చి నడిచేవాళ్లు సరేసరి. సగం అడ్వాన్సు అడిగితే 'మమ్మల్ని నమ్మవా' అంటారు. ఇవన్నీ పడ్డ యజమాని కొత్త కస్టమర్‌ని అనుమానంగా చూస్తాడు, అది కస్టమర్‌కి అవమానంగా తగులుతుంది. గుడ్డ పేరు, రంగు ముక్క పిన్ను కొట్టి, ఎన్ని జతలు, అడ్వాన్సు ఎంత, బాకీ ఎప్పుడు అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టిన చీటీ షాపుకే ఎక్కువ రక్ష. రాసుకుంటే బంధుత్వం చెడుతుందని ఇద్దరూ అనుకుంటారు. చెడుతున్నది రాసుకోనందుకు.

ఈమధ్య ఇంకో కొత్త ఇబ్బంది వచ్చింది. ట్రయల్ వేసుకున్న పెళ్లికొడుకుని అక్కడికక్కడే వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం. కొందరు కుర్రాళ్లకి సరదాగానే ఉంటుంది. కొన్ని ఇళ్లలో రిసెప్షన్ బట్టలు ముందే ఊరంతా చూసేశారని పెద్దవాళ్లు బాధపడతారు. అడిగి పెట్టడానికి పట్టేది అర నిమిషం.

పెళ్లి అయ్యాక ఆ బట్టలు ఏమవుతాయన్నది ఆర్డరిచ్చేటప్పుడే ఆలోచించాల్సిన విషయం. సూటు పదేళ్లు పనికొస్తుంది, పక్క కుట్టుల దగ్గర, ప్యాంటు వెనక కుట్టులో అంగుళం గుడ్డ లోపల వదిలి ఉంటే. గుడ్డ కలిసొస్తుందని దాన్ని కత్తిరించేస్తే రెండేళ్లకే బిగుతైపోతుంది. ట్రయల్ రోజు కోటు తిరగేసి ఆ గుడ్డ ఉందో లేదో చూసుకోవచ్చు. భారీ పని ఉన్న షేర్వాణీ మాత్రం చాలామంది ఒక్కసారే వేస్తారు. దానికి ఇప్పుడు కొన్ని షాపులు అద్దె పద్ధతి పెట్టాయి. ఒక్క సాయంత్రానికి వేలు పోయలేని ఇళ్లకి ఇది మేలైన దారి, దీన్ని చిన్నతనంగా చూడక్కర్లేదు. అద్దెకి తీసుకునేటప్పుడు డిపాజిట్ ఎంత, తిరిగి ఇవ్వాల్సిన రోజు ఏది, మరక పడితే ఎంత కోస్తారు, డ్రైక్లీనింగ్ ఎవరిది అన్న నాలుగు మాటలు చీటీ మీద ఉండాలి. ముందే ఉన్న చిరుగులు, ఊడిన రాళ్లు కూడా షాపువాడి ఎదుటే చూసి అందులోనే రాయించుకోవాలి.